ఎడమ సీటు కౌసల్యమ్మ

పొద్దున స్కూళ్ల వేళకు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బండి తోలడం కళ్లు నిక్షేపంగా ఉన్నవాళ్లకే చచ్చే చావు. మెట్రో స్తంభాల మధ్య దూరే ఆటోలు, తప్పు దారిలో ఎదురొచ్చే స్కూటర్లు, ఎక్కడ పడితే అక్కడ ఆగే బస్సులు. ఆ రోడ్డు మీద రోజూ పసుపుపచ్చ స్కూలు వ్యాను తోలే అంతయ్యకు చూపు పోయి చాలా కాలమైంది. పూర్తిగా పోలేదు. ఎదురుగా చారెడు మేర మిగిలింది. కుడి పక్కనా ఎడమ పక్కనా ఏమున్నదీ ఆయనకు తెలియదు.

ఈ సంగతి ఇంత మహానగరంలో ఇద్దరికే తెలుసు. ఒకరు అంతయ్య. రెండోవారు, ఆయన పక్కన ఎడమ సీట్లో పిల్లల ఆయమ్మగా కూర్చునే ఆయన భార్య కౌసల్యమ్మ. వ్యాను నిండా పిల్లల్ని ఎక్కించి చేతులూపే తల్లులు మాత్రం, తాతగారు ఎంత నిదానంగా తోలుతారో, హారనైనా కొట్టరు అని మురిసిపోయేవారు. నిదానం ఎందుకో వాళ్లకేం తెలుసు, పాపం.

కౌసల్యమ్మను ఇప్పుడే తిట్టుకోకండి. తిట్టవలసిన చోటు ముందుంది. అక్కడికొచ్చాక ఎవరూ అడ్డు రారు.

ఆమె పుట్టింది చిట్యాల దాటాక, బెజవాడ రోడ్డును ఆనుకుని ఉన్న ఒక పల్లెలో. సర్కారు లెక్కలో అది తొమ్మిదో నెంబరు జాతీయ రహదారి. ఎక్కడో పుణెలో బయలుదేరి, షోలాపూర్, హైదరాబాద్, బెజవాడల మీదుగా బందరు దాకా పోయేది. ఊళ్లోవాళ్లకు అవేవీ అక్కర్లేదు, వాళ్లకది ఉత్త రోడ్డు. కౌసల్యమ్మకు ఊహ తెలిశాక నేర్పిన మొదటి భయం కూడా అదే, రోడ్డు మీదికి పోవద్దని. ఊరు ఏటా ఆ రోడ్డుకు ఏదో ఒకటి అప్పజెప్పుకునేది. మేకనో, దూడనో, ఒక్కో ఏడు మనిషినో. పోయినవాళ్ల పేర్లు చెప్పుకుని ఏడ్చి, మళ్లీ తెల్లారి అదే రోడ్డు దాటి పొలానికి పోయేవారు.

పెళ్లినాటికి అంతయ్య కొత్తగా స్టీరింగు పట్టిన లారీ డ్రైవరు. అంతకు ముందు అదే లారీకి క్లీనరు. పెళ్లయ్యాక పెళ్లాన్ని బస్సులో తీసుకుపోతే డ్రైవరన్న పేరెందుకని, సిమెంటు లోడుతో ఉన్న లారీలోనే పట్నానికి తీసుకుపోయాడు. క్లీనరు కుర్రవాడు వెనక బస్తాల మీదికెక్కి, తన ఎడమ సీటు కొత్త పెళ్లికూతురికి వదిలేశాడు. ఊరు దాటగానే వాగు మలుపు. అక్కడ రోడ్డు ఎడమకు తిరిగి, చింతచెట్ల కింద నుంచి పోయి, ఒక బండి మాత్రమే పట్టే పాత వంతెన ఎక్కుతుంది. లారీ వంతెన దగ్గరికి రాగానే వెనక బాడీ మీద ఎవరో అరచేత్తో గట్టిగా ఒక దెబ్బ కొట్టారు. అంతయ్య ఠక్కున ఆపాడు. ఎదురుగా ఒక బస్సు వంతెన దాటి, వీళ్లను రాసుకుంటూ పోయింది. అప్పుడు రెండు దెబ్బలు వినబడ్డాయి. లారీ కదిలింది.

"గిదేంది?" అని అడిగింది కౌసల్యమ్మ. పెళ్లయ్యాక మొగుణ్ని ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి మాట అదే.

"ఒక్క దెబ్బంటే ఆగుమని. రెండంటే పొమ్మని. ఇంజను సప్పుడుల మాట ఇనబడదు గద" అన్నాడు అంతయ్య. కొంచెం దూరం పోయాక, కొత్త పెళ్లాం ముందు పెద్దరికం చూపించుకోవాలని కాబోలు, ఇంకో మాట కలిపాడు. "ఒక్కటి పడ్డదంటే ఎవ్వడైనా ఆగుడే. ఎందుకు కొట్టినవని అడుగుడు లేదు."

ఆ రోజు ఆమె కళ్లకు అంతా బాగుంది. రెండు వైపులా చింతలు, వాటి మొదళ్లకు సున్నం పట్టీ, దాని మీద ఎర్రమట్టి పట్టీ. ఆ పట్టీలు వేసే గ్యాంగు కూలీల్లో మట్టయ్య కౌసల్యమ్మకు వరుసకు అన్న. అందం కోసం వేసినవి కావు అవి. ఆ రోజుల్లో తారు మీద తెల్లగీతలు లేవు, లైటు పడితే మెరిసే అద్దాల బొట్లు లేవు. మసక చీకట్లోనూ మంచులోనూ డ్రైవర్లు ఆ పట్టీలు చూసుకునే బండి తోలేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'చెట్ల వెంట పోవుడు'. కండ్లు మూసుకున్నా చెట్లే తోల్కపోతయని అంతయ్య గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకున్నంత కాలం బాగానే ఉంది.

ఎల్బీనగర్ వెనక గల్లీలో కిరాయి గది. అంతయ్య నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. తిరిగొచ్చాక అన్నం తింటూ రోడ్డంతా చెప్పేవాడు. ఎక్కడ వంతెన కుంగింది, ఏ ఊరి దగ్గర కొత్త హోటలు పడింది, ఏ మలుపులో ఎవరి బండి పడింది. మలుపులన్నిటికీ డ్రైవర్లు పెట్టుకున్న పేర్లుండేవి. పెండ్లి మలుపు అంటే అక్కడేదో శుభం జరిగిందనుకుంటాం. అది పెళ్లివారి లారీ బోల్తాపడ్డ చోటు. కౌసల్యమ్మ ఆ రోడ్డు మీద మళ్లీ ఎక్కువగా పోయింది లేదు, కానీ వినీ వినీ బెజవాడ దాకా ఆమెకు కంఠతా వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు, వనస్థలిపురానికి మంచాలు, బీరువాలు వేసుకుని తరలివచ్చినవాళ్ల సామాను ఎంతో ఆయన లారీ మీదే వచ్చింది. ఈ తూర్పు హైదరాబాదును ఎవరు కట్టారని అడిగితే అంతయ్య కొంచెం సిగ్గుపడుతూనే తన పేరు చెప్పేవాడు. అతిశయోక్తే, కానీ పూర్తిగా అబద్ధం కాదు.

తర్వాత ఒక ఏడాది పైన ఎవరో దేశంలోని రోడ్ల నెంబర్లన్నీ మార్చారు. తొమ్మిది పోయి అరవై అయిదు వచ్చింది. అంతయ్య చచ్చినా ఆ కొత్త నెంబరు పలకలేదు. ఆ వెనకే రోడ్డును నాలుగు వరసలు చేశారు. మలుపులన్నీ కోసి తిన్నగా సాగదీశారు. పెద్ద రోడ్డు పక్కన చింతలన్నీ కొట్టేశారు. కోసి పారేసిన మలుపులను మాత్రం ఎవరూ తవ్వి తీయలేదు. అవి ఎక్కడివక్కడ, పెద్ద రోడ్డుకు పక్కగా, పొలాల్లోకి తిరిగి ఆగిపోయిన ముక్కలుగా ఉండిపోయాయి. తారు పగిలింది గానీ పోలేదు. తొమ్మిది అంకె ఉన్న కిలోమీటరు రాళ్లు నిలబడే ఉన్నాయి. ఆ ముక్కల మీది చెట్లను కొట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. దాంతో ఆ రోడ్డు మొత్తం మీద చెట్లు మిగిలింది చచ్చిపోయిన ముక్కల మీదే.

వాగు మలుపూ అట్లాగే మిగిలింది. అడ్డంగా పైపులు వేయడానికని వాగు మీది వంతెనను కూలగొట్టారు. మిగతా తారు మీద ఊరివాళ్లు పిడకలు ఎండబెట్టుకునేవారు, కోతలప్పుడు వడ్లు ఆరబోసుకునేవారు. మట్టయ్య పని నుంచి దిగిపోయి ఏళ్లయినా, ఏటా దసరా ముందు సొంతంగా సున్నం కలుపుకొచ్చి ఆ ముక్క మీది చింతలకు పట్టీలు వేసేవాడు. ఇవి ఎవరి కోసం, అన్నా, అని కౌసల్యమ్మ ఒకసారి నవ్వుతూ అడిగింది. రోడ్డు పోయిందని చెట్టుకేం ఎరుక చెల్లే అన్నాడతను. ఆమె ఇంకా నవ్వింది. అప్పట్లో అది నవ్వులాటే మరి.

వయసు మీద పడి లారీ వదిలేసిన అంతయ్య, మిగిలినదంతా పెట్టి పాత వ్యాను కొని స్కూలుకు కిరాయికి కట్టాడు. అల్మాస్‌గూడలో కాపురమున్న కూతురు స్వప్న తమ దగ్గరికే వచ్చి ఉండమని చాలాసార్లు పిలిచింది. స్టీరింగు లేకపోతే కాళ్లూ చేతులూ ఏం చేసుకోవాలో తెలియని మనిషి ఎందుకు పోతాడు? లారీ వదిలేసి వ్యాను కొనేలోపు కొన్నాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే గోడకేసి చూస్తూ అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ఆ కొన్నాళ్లూ కౌసల్యమ్మ మరిచిపోలేదు.

కళ్ల సంగతి మొదట సీతారాములు స్కూటరుతో బయటపడింది. గల్లీ మొదట్లో టీ కొట్టు పెట్టుకున్న సీతారాములు తన స్కూటరును రోజూ నిలిపేచోటే నిలిపాడు. అంతయ్య దాన్ని తొక్కేసి, గుంతలో పడ్డాననుకుని ముందుకు పోయాడు. తర్వాత ఇంట్లో చెంబు పక్కన నీళ్లు పోయడం, తలుపు రెక్కకు భుజం కొట్టుకోవడం. కౌసల్యమ్మ పోరుపెట్టి మూసారాంబాగ్ దగ్గర కంటి దవాఖానకు తీసుకుపోయింది. నీటికాసులు అన్నారు అక్కడ. నరం ఎండిపోయింది, పోయిన చూపు రాదు, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది, అదైనా నిలవాలంటే చుక్కల మందు మానొద్దన్నారు. చీటీ రాస్తూ డాక్టరమ్మ, ఏం పని చేస్తారని అడిగింది.

"ఏం లేదమ్మా, ఇంట్లనే ఉంటున్న" అన్నాడు అంతయ్య.

పక్కనే ఉన్న కౌసల్యమ్మ నేల గచ్చు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ మరుసటి వారమే ఆమె వ్యానుకు ఆయమ్మగా ఎక్కింది. పిల్లల్ని దించడానికీ ఎక్కించడానికీ మనిషి ఉండాలని స్కూలువాళ్లు అంతకు ముందు నుంచే అడుగుతున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎడమ సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, తలుపు రేకు మీద అరచేత్తో చెప్పేది. ఒకటి కొడితే ఆగేవాడు, రెండు కొడితే కదిలేవాడు. మధ్యలో నోటితో, ఎడమకు ఆటో ఉంది, గుంతొచ్చింది, ముసలాయన దాటుతున్నడు అని గొణిగేది. వెనక పిల్లలు అది ఆటనుకుని సీట్ల మీద దెబ్బలు కొట్టేవారు. అంతయ్య ఒక్కరోజు కూడా ఆమె చేతిని తప్పు పట్టలేదు, ఎందుకని అడగలేదు.

ఇదిగో, తిట్టవలసిన చోటు ఇదే. కౌసల్యమ్మకు భయం ఉంది, నిజమే. కానీ ఆ భయం కింద ఒక సంతోషమూ ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక్కరోజు కూర్చుని దిగిపోయిన సీటు అది. ఆ తర్వాత బతుకంతా గల్లీలో కూర్చుని ఆ మనిషి కోసం ఎదురుచూసింది. ఇప్పుడు ఆ మనిషి ఆమె చెయ్యి లేనిది ఒక్క అడుగు వేయలేడు. ఆ సంగతి ఆమెకు ఎంత ఇష్టమో తలచుకుంటే ఆమెకే సిగ్గు వేసేది. వెనక ఉన్నవాళ్లు ఇంకొకరు కన్న పిల్లలని తెలిసీ ఆమె ఆ సీటు దిగలేదు.

మెల్లగా ఇంకోటి మొదలైంది. కొత్తపేట దగ్గరికి రాగానే అంతయ్య బండి నెమ్మది చేసేవాడు. మామిడి లారీలు అడ్డమున్నయి, చూసుకో అనేవాడు. అక్కడి పండ్ల మార్కెట్టు ఊరవతలికి తరలిపోయి ఏళ్లవుతోంది. చింతలకుంట వైపు పోయినప్పుడు, ఎప్పుడో కొట్టేసిన చెట్టు పేరు చెప్పి దాని దగ్గర గేరు మార్చేవాడు. కనబడని జాగాలన్నిటినీ ఆయన బుర్ర పాత రోడ్డుతో నింపుకుంటోంది. మొదట్లో కౌసల్యమ్మ దిద్దేది. తర్వాత దిద్దడం మానేసింది. ఆయన చెప్పేవన్నీ ఆమెకూ తెలిసినవే, ఆమె కూడా ఎరిగిన రోడ్డే. ఒక్కోసారి ఆయన లారీలున్నయంటే, ఉన్నయి, మెల్లగ పోనియ్యి అనేది. అట్లా అన్న రోజు రాత్రి మాత్రం ఆమెకు నిద్ర పట్టేది కాదు.

నాగోల్ అపార్టుమెంట్లలో ఉండే అలేఖ్య కార్తీక మాసంలో ఒక పని చెప్పింది. ఆమె కొడుకు చంటి ఈ వ్యానులోనే స్కూలుకు పోతాడు. అలేఖ్యది విజయవాడ వైపు. అపార్టుమెంటు వాళ్లు కొందరు కలిసి ఆదివారం నకిరేకల్ దగ్గర తెలిసినవాళ్ల తోటలో వనభోజనాలు పెట్టుకున్నారట. పెద్దవాళ్లు కార్లలో పోతారు, పిల్లలూ సామానూ వ్యానులో రావాలి. తాతగారైతే తమకు నిశ్చింత అంది. కౌసల్యమ్మ నాలుక చివర దాకా కాదన్న మాట వచ్చింది. అంతలోనే అంతయ్య ఒప్పేసుకున్నాడు. తొమ్మిదో నెంబరు మీద పిలిస్తే ఆయన కాదంటాడా? ఆదివారం దాకా పండగకు పోతున్నవాడిలా వ్యాను కడుగుతూనే ఉన్నాడు.

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పొద్దున సూర్యుడు ఎదురుగా ఉన్నా పొగమంచు చాటున ఉన్నాడు, రోడ్డు వెడల్పు, బండ్లు తక్కువ. తోటలో ఉసిరి చెట్టు కింద పూజ, పులిహోర, పిల్లల కేరింతలు. కౌసల్యమ్మ ఏదీ సరిగ్గా తినలేదు. పొద్దు వాలకముందే బయలుదేరుదామని ఆమె రెండుసార్లు అలేఖ్యను అడిగింది. ఇదిగో అదిగో అంటూ గిన్నెలు సర్దేసరికి ఎండ ఎర్రబడింది. అలేఖ్య కూడా కారులో చోటు వేరేవాళ్లకిచ్చి, చంటిని ఒళ్లో పెట్టుకుని వ్యానులోనే ఎక్కింది.

పట్నం వైపు వచ్చేటప్పుడు సూర్యుడు సరిగ్గా ఎదురు పడతాడు. అద్దం నిండా ఎరుపు. అంతయ్యకు మిగిలిన చారెడు చూపులోకి ఆ వెలుగంతా వచ్చి పడింది. ఆయన వేగం తగ్గించాడు, అంతే. తెల్లగీత పట్టుకుని పో, ఎడమకు జరగకు అని కౌసల్యమ్మ చెబుతూనే ఉంది. పెద్ద పెద్ద బస్సులు హారన్లు మోగిస్తూ కుడి పక్కనుంచి పోతున్నాయి. అప్పుడు చంటి వాంతి వస్తోందని ఏడుపు మొదలుపెట్టాడు. అలేఖ్య కవరడిగింది. కౌసల్యమ్మ కాళ్ల దగ్గరి సంచిలో కవరు వెతికి, వెనక్కి తిరిగి అందించి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఎంతసేపని? కొద్దిసేపే.

టైర్ల చప్పుడు మారింది. అప్పటిదాకా నున్నగా జారుతున్న చప్పుడు కాస్తా గరగరమంది. బస్సుల హోరు దూరమైంది. కౌసల్యమ్మ ముందుకు తిరిగేసరికి అద్దంలో ఎరుపు లేదు. నీడ ఉంది. రెండు వైపులా చింతచెట్లు, వాటి మొదళ్లకు తెల్ల పట్టీలు, ఎర్ర పట్టీలు. దసరాకు వేసిన సున్నం ఇంకా మెరుస్తూనే ఉంది.

వాగు మలుపు. పెద్ద రోడ్డు తిన్నగా పోతుంటే, ఎండకు ఏమీ కనబడని అంతయ్య పట్టీలు కనబడగానే చెట్ల వెంట వచ్చేశాడు. ఆయన ముఖం తేటపడింది. రెండు చేతులూ వదులుగా స్టీరింగు మీద ఉన్నాయి. ఎంతో కాలానికి ఆయన ఎవరినీ అడగకుండా బండి తోలుతున్నాడు. వేగం కూడా పెంచాడు.

అప్పుడే ఆపి ఉండాలి కౌసల్యమ్మ. ఆపలేదు. తన ఊరి చెట్లవి, తన పెళ్లినాటి దారి అది. పక్కన కూర్చున్న మనిషి అదే మనిషి. తామెక్కడికి పోతున్నామో, ముందు వంతెన లేదని, ఆమెకు తెలుసు. తెలిసీ ఒక్క గుక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆమె చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

ముందు తారు మీద ఏదో పసుపు రంగు పరుచుకుని ఉంది. వడ్లు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. అవతల ఇద్దరు ఆడవాళ్లు వంగి సంచులకెత్తుతున్నారు. ఇవతల అంచున, కుప్ప మీద, పాత చీర కప్పిన చిన్న మూట ఉంది. ఆ మూటకు ఒక పాదం ఉంది.

కౌసల్యమ్మ తలుపు రేకు మీద ఒక దెబ్బ కొట్టింది. గాజులు పగిలి మణికట్టులో దిగాయి.

అంతయ్య ఆపాడు. ఎందుకని అడగలేదు, కాలు తనంతట తాను తొక్కింది. వ్యాను జారుకుంటూ పోయి, రాళ్లను ఈడ్చుకుంటూ వడ్లలోకి దిగి నిలిచింది. వెనక పిల్లలంతా ముందు సీట్ల మీద పడి ఏడుపు అందుకున్నారు. కౌసల్యమ్మ దూకి బండి ముందుకు పరిగెత్తింది. బంపరు ఆ చీరకు బెత్తెడు దూరంలో ఉంది. చీర కింద మూడేళ్ల ఆడపిల్ల ఇంకా నిద్రపోతూనే ఉంది.

అవతలి ఆడవాళ్లలో చిన్నది, ఆ పిల్ల తల్లి, వచ్చి పిల్లను ఎత్తుకుంది. పిల్లను భుజానేసుకుని కౌసల్యమ్మ కళ్లలోకి చూసింది. కౌసల్యమ్మ తల దించుకుంది.

ఆ వెనకే కర్ర పట్టుకుని ముసలి మట్టయ్య వచ్చాడు. వ్యానులో ఎవరున్నారో పోల్చుకుని, బావా అని పిలుస్తూ అంతయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంతమంది డ్రైవర్లలో ఈ తొవ్వను మరువకుండా వచ్చినవాడివి నువ్వొక్కడివే అన్నాడు. ముసలాయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన పట్టీలు ఇన్నేళ్లకు ఒక బండిని తీసుకొచ్చాయన్న ఆనందం. ఆ పిల్ల ఆయన మనవరాలే. ఎంతలో తప్పిందో ఆయన చూడలేదు.

"టోల్ దగ్గర రష్ ఉంటుందని ఇటు తిప్పారా తాతగారూ? పిల్లలున్నారు కదా, కొంచెం చెప్పి తిప్పాల్సింది" అంది అలేఖ్య కిటికీలోంచి. కోపం కూడా లేదు ఆమె గొంతులో. చంటి మూతి తుడుస్తోంది.

అంతయ్య అవునన్నట్టు తల ఊపాడు.

బండి వెనక్కి తీసుకుని పెద్ద రోడ్డెక్కేసరికి చీకటి పడింది. ఎల్బీనగర్ చేరేదాకా కౌసల్యమ్మ తిట్టినట్టుగా ఒక్కొక్క మాటే చెబుతూ వచ్చింది. ఎడమ. ఆగు. పోనియ్యి. చేతి నుంచి రక్తం కారి చీర కొంగుకు అంటుకుంది. ఎదురు లైట్లు పడినప్పుడల్లా అంతయ్య తల పక్కకు తిప్పుకోవడం ఆమె చూసింది. నాగోల్‌లో పిల్లల్ని దించినప్పుడు అలేఖ్య ఇద్దరికీ ప్రసాదం పొట్లం ఇచ్చి, చాలా శ్రమ పెట్టామంది.

ఇంటికొచ్చాక చేతికి పసుపు అద్దుకుంటూ, తలుపు దగ్గర కూర్చున్న మొగుడితో కౌసల్యమ్మ ఆ మాట ఎత్తింది. ఆ పిల్ల కాలు ఇంకా తన కళ్లలోనే ఉందని చెప్పింది.

అంతయ్య ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"ఏ పిల్ల?"

కౌసల్యమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వడ్లు జర కనబడ్డయి" అన్నాడు అంతయ్య. "పిల్ల ఏడుందే?"

ఆమె లేచి పక్క వేసింది. ఆయన లేచి, గోడ తడుముకుంటూ పోయి పడుకున్నాడు. అదేమీ పట్టనట్టు నిద్రపోయాడు కూడా. కౌసల్యమ్మ పక్కన పడుకుని, తన చెయ్యి ఒళ్లోనే ఉండిపోయిన ఆ ఒక్క గుక్క సేపును మళ్లీ మళ్లీ తలచుకుంది. ఈయనకు కళ్లు లేవు. తనకున్నాయి, బాగానే కనబడతాయి. ఆ పిల్ల మీదికి బండిని పోనిచ్చింది ఎవరని అడిగితే ఆమె దగ్గర ఒక్కటే జవాబు ఉంది.

సోమవారం పొద్దున మామూలుగానే వ్యాను నాగోల్‌లో అపార్టుమెంటు గేటు ముందు నిలిచింది. అలేఖ్య చంటిని ఎక్కించి, టిఫిను డబ్బా బ్యాగులో పెట్టి, వెనక్కి జరిగి చెయ్యి ఊపింది. ఇంకా ఇద్దరు ముగ్గురు తల్లులు తమ పిల్లల్ని ఎక్కించారు. తలుపు మూసుకుంది. వెనక పిల్లలు తోపులాడుకుంటూ నవ్వుతున్నారు. అంతయ్య ఇంజను ఆన్ చేసి, గేరు వేసి, ఎదురుచూశాడు.

కౌసల్యమ్మ గుడ్డ కట్టిన చెయ్యి కిటికీ బయట పెట్టింది. రేకు మీద ఒక దెబ్బ పడింది.

రెండోదాని కోసం అంతయ్య కాలు క్లచ్ మీదే ఆగింది. రాలేదు. చెయ్యి నొప్పితో ఆలస్యమవుతోందని అనుకున్నాడేమో, కొంచెం ఆగి, ముందుకే చూస్తూ, మెల్లగా అన్నాడు.

"ఇంకోటి కొట్టు కౌసల్యా."

కౌసల్యమ్మ చెయ్యి లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. వెనక పిల్లలు వాళ్ల ఆట మొదలుపెట్టి సీట్ల మీద దబదబా రెండేసి దెబ్బలు కొడుతున్నారు. అంతయ్య ఆ దెబ్బలు వినలేదు. ఆయన వినవలసిన చెయ్యి ఒక్కటే. ఒక్కటి పడ్డాక ఎందుకని అడిగేది లేదని ఆమెకు చెప్పింది ఆయనే. చాలాసేపటికి ఆయన చెయ్యి తడుముకుంటూ తాళం చెవి దగ్గరికి పోయింది. ఇంజను ఆగింది.

కౌసల్యమ్మ దిగి అలేఖ్య దగ్గరికి నడిచింది. ఏమైంది ఆయమ్మా, బండి ట్రబులా అని అలేఖ్య అడుగుతోంది.

"పిల్లలను దించుకోండ్రి బిడ్డా. ఆయనకు కండ్లు కనబడవు. నాకు మొదటి సంది ఎరుకే."

అలేఖ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆమె ఒక్క ఉదుటున పోయి తలుపు లాగి, చంటిని కిందికి దించి గుండెకు అదుముకుంది. మిగతా తల్లులు పరిగెత్తుకొచ్చారు. పిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. అప్పుడు అలేఖ్య తిరిగి కౌసల్యమ్మ వైపు చూసింది. వడ్ల కుప్ప దగ్గర ఆ తల్లి చూసిన చూపే అది. ఈసారి కౌసల్యమ్మ తల దించుకోలేదు. ఆ చూపంతా పడనిచ్చి, కుడి పక్క తలుపు దగ్గరికి పోయి, మొగుడు దిగడానికి చెయ్యి అందించింది.